పనివారి నడుమ విలియం కేరీగారు

విలియం కేరీగారి పేరు ఎరుగని క్రైస్తవ కుటుంబము మన మధ్య అరుదు. వారు గొప్ప మిషనెరీ అనియు, బైబిలు అనువాదకులు అనియు చిన్ననాటి నుండి వింటూ వచ్చాము. అయితే పలు భాషల, పలు మతముల పనివారిని ఒక్క చోట చేర్చి ముప్పది సంవత్సరములకు పైగా నడిపించిన పెద్దగా వారిని మనము తక్కువగా తలచుకుంటాము. నేడు మన సంఘములు పాఠశాలలు, ఆసుపత్రులు, వసతిగృహములు నడుపుచున్నవి గనుక ఆ వైపు నుండి కూడ వారి జీవితమును చూచుట మనకు మేలు.

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామములో ఒక పేద నేతపనివాని ఇంట జన్మించారు. చెప్పులు కుట్టు పని నేర్చుకొని దానితోనే చాలకాలము జీవించారు. 1793లో కలకత్తా చేరిన పిమ్మట చేతిలో డబ్బు అయిపోయి, కుటుంబముతో నానా అగచాట్లు పడ్డారు. 1794లో మద్నాబాటిలోని నీలిమందు కర్మాగారమునకు మేనేజరు అయ్యారు. అక్కడ కూలీలతో, గ్రామస్థులతో మాట్లాడుచు బెంగాలీ భాషను పట్టుకున్నారు. పని చేయించువాడు పని చేయువాని మాట నేర్చుకొనుట వారి మొదటి అలవాటు.

1800 జనవరిలో వారు డేనిష్ పాలనలోనున్న శ్రీరాంపూరునకు మారారు. అచ్చు పని తెలిసిన వార్డుగారు, ఉపాధ్యాయులైన మార్ష్‌మన్‌గారు వారితో కలిసారు. వార్డుగారికి ముద్రణాలయము, మార్ష్‌మన్ దంపతులకు పాఠశాలలు అప్పగింపబడినవి. అందరిలో పెద్ద కేరీగారే అయినను, ఇంటి నిర్వహణ నెలకొకరి వంతున చేతులు మారేది. ఎవరి సంపాదన అయినను ఉమ్మడి నిధికి చేరవలసినదే. ఫోర్ట్ విలియం కళాశాలలో అధ్యాపకులుగా కేరీగారు పొందిన పెద్ద జీతము కూడ, ఇంటి ఖర్చుకు కొద్దిగా ఉంచుకొని, ఆ నిధికే పోయేది. నాయకుడు తన జేబు నింపుకొనుట లేదని అందరికి కనబడినప్పుడు, ఇతరులు కష్టపడుటకు ఎవరును బలవంతపెట్టనక్కరలేదు.

ప్రతి శనివారము సాయంకాలము వారందరు కూడుకొని, ఆ వారములో కలిగిన మనస్పర్థలను మాట్లాడుకొని తీర్చుకొనేవారు. 1805లో తమ పని సూత్రములను ఒక ఒడంబడికగా వ్రాసికొని, సంవత్సరమునకు మూడు పర్యాయములు బిగ్గరగా చదువవలెనని నిర్ణయించుకున్నారు.

అక్షరములు చెక్కు విద్యలో ఆరితేరిన పంచానన కర్మకార్‌గారు ఆ ముద్రణాలయములో చేరి, తన అల్లుడు మనోహర్‌గారికి ఆ విద్యను నేర్పారు. మామగారు కొద్ది సంవత్సరములకే మరణించినను పని ఆగలేదు. మనోహర్‌గారు నలువది ఏండ్లకు పైగా అక్షరములు పోతపోసారు. ఆయన తన మతమును మార్చుకొనలేదు. అయినను ఆయన స్థానము చెక్కుచెదరలేదు.

ఈ అలవాట్లకు పరీక్ష 1812 మార్చి 11 రాత్రి వచ్చినది. ముద్రణాలయము అగ్నికి ఆహుతి అయినది. ఆ దినమున కేరీగారు కలకత్తాలో ఉన్నారు; మరుసటి ఉదయము మార్ష్‌మన్‌గారు వెళ్లి చెప్పవలసివచ్చినది. కాగితము, అనేక భాషల అక్షరములు, సంవత్సరముల తరబడి వ్రాసిన వ్రాతప్రతులు పోయినవి. నష్టము సుమారు 70,000 రూపాయలు. కాలిపోయిన వాటిలో వారు మన తెలుగు భాషకు వ్రాసిన వ్యాకరణము కూడ ఉన్నది!

కాని అచ్చు యంత్రములు దక్కినవి. బూడిదను వెదకగా అక్షరముల ఉక్కు అచ్చులు చెడకుండ దొరికినవి. కరిగి ముద్దలైన సీసమును మరల కరిగించి, పనివారు రాత్రింబగళ్లు అక్షరములు పోసారు. పండితులు తమ బల్లల యొద్దకు తిరిగి వచ్చారు. కొద్ది వారములలోనే అచ్చు పని మరల మొదలైనది. కేరీగారు పోయిన గ్రంథములను మొదటి నుండి వ్రాయుటకు కూర్చున్నారు. 1814లో తెలుగు వ్యాకరణము వెలువడినది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరులో అచ్చయినది. ఆ పనివారు చెదరిపోయియుంటే మన పితరుల చేతికి ఆ గ్రంథము అంత త్వరగా అందియుండేది కాదు.

వారిలో లోపము లేదని చెప్పుట సత్యము కాదు. ఇంగ్లండు నుండి తరువాత వచ్చిన యువ మిషనెరీలు ఆ ఉమ్మడి ఇంటి కట్టుబాట్లలో ఇమడలేకపోయారు. పెద్దలు తమ అధికారమును తమతో పంచుకొనుట లేదని నొచ్చుకొని, కలకత్తాలో వేరు పని పెట్టుకున్నారు. 1827లో శ్రీరాంపూరు తన మాతృసంస్థ నుండియే విడిపోయినది. 1834 జూన్ 9న కేరీగారు కన్నుమూసిన తరువాత గాని ఆ గాయము మానలేదు. ముగ్గురి మధ్య అంత చక్కగా సాగిన శనివారపు సమాధానము, తరువాతి తరము వారికి అందలేదు.

నూరేండ్లు నిండిన మన అధ్యక్ష మండలములో ఈ రెండు సంగతులును మనము జ్ఞాపకముంచుకొనవలెను. మన సంస్థలలో తగాదా వచ్చినప్పుడు ఆ వారములోనే కూర్చుండి తీర్చుకొనుచున్నామా, లేక కోర్టు వరకు మోయుచున్నామా? జమాఖర్చులు పనివారందరికి తెలియునా? మన యొద్దనున్న పనిని నేర్చుకొనుటకు ఒక మనోహర్‌ను సిద్ధపరచుచున్నామా? క్రొత్తగా వచ్చిన యువకులకు బాధ్యతతోపాటు అధికారము కూడ ఇచ్చుచున్నామా? కేరీగారు బాగుగా చేసినది మనమును చేయుదము. వారు చేయలేకపోయినది కూడ మనము చేయగలిగితే, రెండవ నూరేండ్లు మొదటివాటికంటె ఫలవంతమగును.