కోలాచలం శ్రీనివాసరావుగారు – విషాదరూపక విచారము

రఘువంశమునకు సంజీవినీ వ్యాఖ్యను, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, మాఘకావ్యమునకు సర్వంకషను సంతరించిన మల్లినాథసూరి యింటిపేరు కోలాచలమువారు. కొన్ని శతాబ్దముల తరువాత ఆ యింటిపేరే గల యొక న్యాయవాది, వ్యాఖ్యానమార్గమును గాక రూపకరచనను, రూపకచరిత్రను చేపట్టి, యవనదేశపు విషాదరూపకములను భారతీయ నాట్యముతో నొక్క గ్రంథమున జేర్చి చూచెను. ఆయనయే కోలాచలం శ్రీనివాసరావుగారు. చారిత్రకనాటక పితామహులని ఆంధ్రలోకము వారిని కొనియాడినది. కాని వారి నాటకచరిత్రగ్రంథమును తెఱచి చూచినవారు మిక్కిలి తక్కువ. అది ఇంగ్లీషున నుండుటయే యందులకు ముఖ్యకారణము కావచ్చును.

వారు 1854లో హంపీ శిథిలములకు చేరువనున్న కామలాపురమున జన్మించిరి. ఆ చోటు గమనింపదగినది. కూలిన ప్రాకారముల నడుమ పెరిగిన బాలునకు రాజ్యపతనమనునది పుస్తకములలోని మాట కాదు గదా. తరువాత బళ్ళారిలో న్యాయవాదవృత్తి నవలంబించిరి. నాడు బళ్ళారి దత్తమండలములకు విద్యాకేంద్రము. తెనుగు, కన్నడము రెండును అచట సమముగా చెల్లుచుండెను. అదే పట్టణమున, అదే వృత్తిలోనున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1886లో సరసవినోదినీ సభను స్థాపించిరి. శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపిరి. ఇరువురి నడుమ నుండిన పోటీవలన నష్టపడినవారెవ్వరును లేరు. ఆచార్యులవారు పౌరాణికేతివృత్తములందును, రావుగారు చారిత్రకేతివృత్తములందును మిక్కిలిగా కృషిచేసిరి. సునందినీపరిణయము, సుఖమంజరీపరిణయము, ప్రతాపాక్బరీయము, చాందుబీబీ, కాళిదాసు, మైసూరు రాజ్యము, రామరాజు చరిత్రము మున్నగునవి వీరి కృతులు. వీనిలో కొన్ని నేడు పేరునకు మాత్రమే మిగిలినవి.

1908లో వీరు ‘ది డ్రమాటిక్ హిస్టరీ ఆఫ్ ది వరల్డ్’ అను గ్రంథమును ప్రకటించిరి. ఆ కాలమునకు సంస్కృతరూపకమును గూర్చి ఐరోపా భాషలలో నున్న ప్రధానగ్రంథములు రెండు: 1827 నాటి విల్సను అనువాదసంపుటి, 1890 నాటి సిల్వేం లెవీ ఫ్రెంచి గ్రంథము. కీతుదొరగారి సంస్కృతనాటకచరిత్ర వెలువడినది 1924లో. అనగా బళ్ళారి న్యాయవాది పదునారేండ్లు ముందుగా, అంతకంటె విశాలమైన పరిధితో నీ పనికి పూనుకొనెను. విశ్వవిద్యాలయపు అండగాని, పెద్ద గ్రంథాలయపు వసతిగాని లేని మఫసలు పట్టణమున ఇట్టి సాహసము సామాన్యము కాదు.

ఆ కాలపు వాదమొకటి యిచట స్మరణీయము. భారతీయనాటకము యవనులనుండి వచ్చినదని 1882లో విండిషు పండితుడు సిద్ధాంతీకరింప, లెవీ దానిని ఖండించెను. యవనికాశబ్దమును పట్టుకొని చేసిన ఊహలు నిలువజాలవు. ప్రాచీన యవనరంగమున తెరయే లేదు. పరస్పరఋణమును వెదకుటకంటె, రెండు సంప్రదాయములును ఒకే చిక్కును ఎట్లు విప్పుకొన్నవో చూచుట ఫలప్రదము. వధను రంగముపై చూపరాదని మన శాస్త్రము. యవనకవులును ప్రాయికముగా చావులను తెరమఱుగుననే జరిపించి, వార్తాహరుని నోట చెప్పించిరి. సొఫోక్లీసు రచించిన అయాసు నాటకమందలి ఆత్మహత్యవంటివి అరుదు. మన ప్రవేశకవిష్కంభములు చేయు పనినే ఆ వార్తాహరుడు చేయుచున్నాడు. ఇంతవరకు సామ్యము. భేదము ఫలమునందున్నది. నాయకుని వధ యెచటను కూడదని దశరూపకకారుడు కట్టడిచేసెను. యుద్ధము, రాజ్యభ్రంశము, మరణము, నగరోపరోధము ప్రత్యక్షముగా చూపదగనివని నాట్యశాస్త్రము. అరిస్టాటిలు మతమున ఉత్తముడును కాక దుష్టుడును కాక మధ్యస్థుడైన నాయకుడు తన యొక్క ప్రమాదమువలన సౌభాగ్యమునుండి పతితుడగుటయే ఉత్తమవస్తువు. ప్రేక్షకునకు కరుణయు భయమును కలిగి, వాని శోధనము ఫలించుట ప్రయోజనము.

ఈ రెండు శాసనముల నడుమ నిలిచిన నాటకము రామరాజు చరిత్రము. విజయనగర సామ్రాజ్యపతనమే దీని వస్తువు. భరతుడు వలదన్న రాజ్యభ్రంశమే ఇతివృత్తము. ధనంజయుడు వలదన్న నాయకవధయే ఫలము. అంతకుముందే ధర్మవరమువారు విషాదసారంగధరముతో తెనుగున విషాదాంతమునకు దారితీసిరి. అయినను అది యొక రాజకుటుంబపు కథ. రావుగారు దేశమునే విషాదనాయకునిగా చేసిరి. 1565 జనవరిలో జరిగిన యుద్ధమున రామరాయలు శత్రుహస్తమున శిరచ్ఛేదము పొందెను. దక్కను సుల్తానుల కలహములలో ఒకరిపై నొకరిని పురికొల్పుచు వచ్చిన ఆయన రాజనీతియే తుదకు వారి నేకముచేసినదని చరిత్రకారులు చెప్పుదురు. అరిస్టాటిలు చెప్పిన ప్రమాదమునకు ఇంతకంటె చక్కని లక్ష్యము మన చరిత్రలో దొరకదు.

తమ ఓటమిని తాము చూడగలరా? ఈ ప్రశ్న యవనులనే మొదట బాధించినది. క్రీ.పూ. 494లో మిలేటసు నగరము పారసీకుల పాలయ్యెను. ఫ్రీనికసు అను కవి దానిని నాటకముగా ప్రదర్శింప, ఏథెన్సు ప్రేక్షకులు వెక్కివెక్కి యేడ్చి, తమ కష్టమును తమకు జ్ఞప్తికి తెచ్చినందులకు కవికి వేయి ద్రక్మాల అపరాధము విధించి, ఆ నాటకమును మరల ఆడరాదని శాసించిరి. క్రీ.పూ. 472లో ఎస్కిలసు పారసీకుల ఓటమిని నాటకముగా రచింప ఆ ఏథెన్సువారే బహుమానమిచ్చిరి. పరుల శోకము సహ్యము, స్వశోకము దుస్సహము. రావుగారు చేపట్టినది ఫ్రీనికసు మార్గము, సులభమైనది కాదు.

రాయలసీమవారికి ఈ శోకము దూరపుది కాదు. ఆళ్ళగడ్డ ప్రాంతమందలి అహోబిలక్షేత్రము 1579లో గోలకొండసేనల యధీనమై, కొన్ని యేండ్లకు మరల విముక్తమైనట్లు అచటి శాసనము చెప్పుచున్నది. నంద్యాల, గడివేములల నుండి చూచినను తళ్ళికోట యుద్ధఫలము ఇంటిముంగిటి మాటయే.

ఈ నాటకమున పఠాన్ రుస్తుం పాత్ర బళ్ళారి రాఘవకు కీర్తి తెచ్చినది. రాఘవ ధర్మవరమువారికి మేనల్లుడు. మామ పోటీదారుని నాటకమున మేనల్లుడు ప్రసిద్ధికెక్కుట బళ్ళారి నాటకరంగపు ఔదార్యమునకు నిదర్శనము. ప్రతిపక్షమువాని పాత్రకే ప్రేక్షకులు హృదయమిచ్చిరనుట కవి పక్షపాతరాహిత్యమును తెలుపుచున్నది. ఎస్కిలసు పారసీకరాజమాతకు చూపిన గౌరవము ఇట్టిదే. శైలి విషయమున మాత్రము రావుగారి రచనకు ధర్మవరమువారి సౌకుమార్యము లేదని యంగీకరింపవలెను.

1912 మొదలు తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు భాసరూపకములను ప్రకటింపనారంభించిరి. ఊరుభంగమున దుర్యోధనుడు రంగముపైననే ప్రాణములు విడుచుటను పండితలోకము చూచి విస్మయపడినది. రావుగారి చరిత్రగ్రంథము అంతకు నాలుగేండ్లు ముందుది. సంస్కృతమున విషాదాంతమునకు పూర్వోదాహరణము కలదని యెఱుగకయే వారు తెనుగున రామరాయల కథను విషాదముగా నడపిరి. 1919లో వారు స్వర్గస్థులైరి.