జాన్ వెస్లీగారును పట్టము లేని బోధకులును

ఇంగ్లండు దేశమున లింకన్‌షైరు మండలమందలి ఎప్‌వర్తు గ్రామమున 1703వ సంవత్సరము జూను 17వ తేదీన జాన్ వెస్లీగారు జన్మించిరి. తండ్రి సామ్యూలుగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. తల్లి సుసన్నాగారు మిగుల వివేకవతి.

1712 ప్రాంతమున సామ్యూలుగారు సంఘకార్యములకై లండనున నిలిచియుండగా, సుసన్నాగారు ఆదివారము సాయంకాలములందు బిడ్డలకును పనివారికిని ప్రసంగములు చదివి వినిపించుచుండిరి. ఇరుగుపొరుగువారును వచ్చి వినసాగిరి. క్రమముగా ఇన్నూరుమందికి పైగా చేరిరి. దేవాలయమున బోధించు సహాయగురువు ఇది చూచి ఓర్వలేక సామ్యూలుగారికి ఫిర్యాదు వ్రాసెను. భర్త మానుమని సూచింపగా ఆ యిల్లాలు, స్పష్టముగ ఆజ్ఞాపించినచో మానెదననియు, ఆ జనులకు మేలుచేయు తరుణము పోయినందుకు దేవునియెదుట లెక్క యొప్పజెప్పవలసినవారు ఆయనయే యనియు మర్యాదతోనే ప్రత్యుత్తరము పంపిరి. అప్పుడు జాను ఎనిమిదేండ్ల బాలుడు. చదువరులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో పనియున్నది.

జానుగారు ఆక్సుఫర్డున చదివి 1728లో గురుపట్టము పొందిరి. అమెరికాలోని జార్జియాకు పోయి, పని ఫలింపక 1738లో తిరిగివచ్చిరి. ఆ యేడే మే 24వ తేదీన లండనునందలి ఆల్డర్సుగేటు వీధి కూటమున వారికి రక్షణ నిశ్చయత కలిగెను. మరుసటి యేడు బ్రిస్టలున ఆరుబయట బోధింప నారంభించిరి.

లండనున ఫిరంగులు పోతపోసిన పాత కార్ఖానా నొకదానిని బాగుచేసి ప్రార్థనాలయముగ జేసికొనిరి. అయితే వారు లండనున నున్నప్పుడు బ్రిస్టలునకు బోధ లేదు; బ్రిస్టలున నున్నప్పుడు లండనునకు లేదు. అందుచే తాము లేనివేళ కూటములను చూచుకొనుటకై థామసు మాక్సుఫీల్డు అను యువకుని లండనున నిలిపిరి. అతడు ప్రార్థింపవచ్చును, లేఖనములు చదివి వివరింపవచ్చును; ప్రసంగము మాత్రము చేయరాదు. బిషపుగారిచే పట్టము పొందనివాడు ప్రసంగించుట ఆ సంఘమున క్రమము కాదు. వివరించుటకును ప్రసంగించుటకును నడుమ గీత యెవరు గీయగలరు? కొలదికాలములోనే అతడు ప్రసంగించుచున్నాడను వార్త చేరెను. వెస్లీగారు దానిని ఆపవలెనని లండనునకు త్వరపడి వచ్చిరి.

అప్పటికి వృద్ధురాలైన సుసన్నాగారు ఆ కార్ఖానాయందే కుమారునియొద్ద నివసించుచుండిరి. తొందరపడవద్దనియు, ఆ యువకుడును కుమారునివలెనే దేవునిచే పిలువబడినవాడనియు, ముందుగా ఫలమును విచారించి, తానే స్వయముగ విని నిర్ణయింపవలెననియు ఆమె బుద్ధి చెప్పిరి. కుమారుడు వెళ్లి వినెను, విని లోబడెను. ఎప్‌వర్తు సాయంకాలములు ఆ తల్లి మనస్సున మెదలియుండునని మాకు తోచుచున్నది.

అటుపిమ్మట రాళ్లు చెక్కు జాన్ నెల్సను మొదలగు కష్టజీవులు బోధకులైరి. 1744లో లండనున కూడిన మొదటి కాన్ఫరెన్సునకు వచ్చిన పదిమందిలో నలుగురు పట్టము లేనివారే. 1746లో బోధకుల పనికై 7 సర్కిట్లు ఏర్పడెను. బోధకులు ఒక సర్కిటునుండి మరియొకదానికి మారుచుండిరి. తామే యైనను ఒక్కచోట ఏడాది పొడుగున ప్రసంగించినచో వినువారికేగాక తమకును నిద్ర వచ్చునని వెస్లీగారి తలంపు. పని నారంభించు వరము ఒకనిది, సాగించు వరము మరియొకనిది. అన్ని వరములు ఒక్కనియం దుండవని వారు నమ్మిరి. మన తెలుగునాటను వెస్లీ మిషనువారు మెదకు ప్రాంతమున పనిచేసిన కాలమున, ఒక్క గురువునకు అనేక గ్రామములుండగా, ఉపదేశులే ఆ గ్రామములలో బోధించిరి.

పట్టము లేదని చదువు లేకుండ విడిచిరనుకొనరాదు. ప్రతి బోధకుడును దినమునకు 5 గంటలు చదువవలెను. చదువుటయందు రుచి లేనివాడు రుచి తెచ్చుకొనవలెను, లేదా తన పూర్వవృత్తికి మరలిపోవలెను. వారికొరకు వెస్లీగారు 50 సంపుటముల గ్రంథమాలను కూర్చి ప్రచురించిరి.

కష్టము రాకపోలేదు. 1763 ఫిబ్రవరి 28వ తేదీన లోకాంతమగునని జార్జి బెల్ అనువాడు ప్రకటింపగా లండను సంఘము కలవరపడెను. మాక్సుఫీల్డు ఆ పక్షమువారిని వెనుకవేసికొని, ఆ యేడే వెస్లీగారిని విడిచి, అనేకులను తనవెంట గొనిపోయెను. మొట్టమొదట నమ్మినవాడే యిట్లు చేసెను! అయినను వెస్లీగారు తక్కినవారి నోరు మూయలేదు. 1771లో మేరీ బొసాంక్వెట్ అను స్త్రీ తన బోధను సమర్థించుకొని వ్రాయగా, ఆమెకు అసాధారణమైన పిలుపు గలదని యొప్పుకొనిరి.

ప్రభురాత్రి భోజనము నిచ్చు అధికారమును మాత్రము ఈ బోధకులకు చాలకాలము ఈయలేదు. 1784లో అమెరికా సంఘములకొరకు కొందరికి తామే పట్టమీయగా తమ్ముడు చార్లెసుగారు మిగుల నొచ్చుకొనిరి. వాక్యము పంచిపెట్టుటకు తగినవాడు రొట్టె పంచుటకు ఏల తగడో వెస్లీగారు తృప్తికరముగ చెప్పినట్లు మాకు కనబడదు.

ఆ 1784లోనే తమ తరువాత కాన్ఫరెన్సు నడపుటకు నూరుగురు బోధకుల పేర్లతో దస్తావేజు వ్రాయించిరి. పేరు లేనివారు చిన్నబోయిరి. మరుసటి యేడు వెస్లీగారు ఒక ఉత్తరము వ్రాసి భద్రపరచిరి. 1791 మార్చి 2వ తేదీన, 87 ఏండ్ల వయస్సున, వారు లండనున మరణించిరి. ఆ సంవత్సరము మాంచెస్టరున కూడిన కాన్ఫరెన్సులో ఆ ఉత్తరము చదువబడెను. ఆ నూరుగురు తక్కిన సహోదరులపై పెద్దరికము చేయరాదనియు, బోధకులకు స్థలములు నియమించుటలో పక్షపాతము చూపరాదనియు అందులో వేడుకొని యుండిరి. సభవారు ఆ విన్నపమును అంగీకరించి, పూర్ణ సభ్యులైన బోధకులందరికిని సమాన హక్కులని తీర్మానించిరి.