చల్లని రాత – మహాకవి జాషువా

మాది ప్రత్తిపాడు. నల్లరేగడి నేల, ప్రత్తి చేలు, మిరప కల్లాలు – ఇదే మా లోకం. గుర్రం జాషువాగారి పేరు మా వైపు తెలియనివాళ్లుండరు. అయినా ఆయన నాకు నిజంగా అర్థమయింది కాలేజీలో చేరి, ఒక తప్పు చేశాకనే. ఆ సంగతి చివర చెబుతాను.

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. ఇద్దరివీ వేరువేరు కులాలు. ఇల్లు క్రైస్తవం. బడిలో చేరగానే పిల్లవాడికి అంటరానితనం ఎదురయింది. అయితే జూపూడి హనుమచ్ఛాస్త్రిగారనే పండితుడు ఆయన్ని దగ్గర కూర్చోబెట్టుకుని మేఘసందేశం, రఘువంశం చెప్పారు. ఒక చేయి తోసేస్తే మరో చేయి పుస్తకం విప్పి పెట్టింది.

బ్రతుకు మాత్రం సుఖంగా సాగలేదు. మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతం. అదీ పోతే రాజమండ్రి వెళ్లి, 1915–16లో మూగ సినిమాలకు తెర పక్కన నిలబడి కథా, సంభాషణలూ చదివారు. తర్వాత గుంటూరులో ఉపాధ్యాయుడిగా, తెలుగు పండితుడిగా ఏళ్ల తరబడి పనిచేశారు.

వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని కొందరు రగడ చేశారు. ఇటు క్రైస్తవుల్లోనూ కొందరు, హిందూ పురాణగాథలు రాస్తున్నాడని ఆయన్ని దూరం పెట్టారు. రెండు గుమ్మాలూ మూసుకుంటే మనిషి ఏం చేస్తాడు? తిట్టొచ్చు, శపించొచ్చు.

ఆయన 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడిలో అడుగు పెట్టనివ్వని పేదవాడు, ఆ గుడి చూరుకే వేలాడే గబ్బిలంతో శివుడికి తన కష్టం చెప్పి పంపుకుంటాడు. చిన్ననాడు నేర్చిన మేఘసందేశం ఇలా పేదవాడి సందేశమయింది! అందులో కోపం లేదని కాదు, నిప్పు ఉంది. కానీ ఆ నిప్పు అన్యాయాన్ని కాల్చడానికే గాని మనిషిని కాల్చడానికి కాదు. క్రీస్తు నేర్పిన క్షమ అంటే అన్యాయానికి తలవంచడం కాదనీ, ఎదటివాడిలో మనిషిని వదులుకోకపోవడమనీ నాకక్కడ తెలిసింది.

మంచి మాటకు ఫలితం ఆలస్యంగానైనా వచ్చింది. మహాపండితులు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు. నాడు సభలో రగడ చేసినవాళ్ల పేర్లు ఇవాళ ఎవరికి గుర్తున్నాయి?

ఇక నా సంగతి. హాస్టల్లో ఉండగా ఒక నెల డబ్బు ఆలస్యమయిందని అన్నయ్యకు నానా మాటలూ అంటూ ఉత్తరం రాసి పడేశాను. ఆ ఏడు మిరప ధర పడిపోయిందని నాకు తెలియదు. పది రోజులకు మనియార్డరు వచ్చింది. కింది కూపను మీద అన్నయ్య వంకర అక్షరాలతో రాసింది రెండే ముక్కలు – బాగా చదువుకోమనీ, తిండి మానొద్దనీ. నా తిట్లకు జవాబే లేదు.

అప్పుడు క్లాసులో చెబుతున్నది ‘గబ్బిలం’. ఆ రాత్రి పుస్తకం తెరిచి చాలాసేపు కూర్చున్నాను. క్షమించమని అన్నయ్యకు ఉత్తరం రాద్దామనుకుంటూనే సెలవులదాకా వాయిదా వేశాను. ఇంటికెళ్లాక నోరు పెగల్లేదు. ఇప్పుడు అన్నయ్య లేడు. ఆ కూపను మాత్రం నా ‘గబ్బిలం’ పేజీల మధ్యనే ఉంది.

మిత్రులారా, మీరు ఎవరికైనా ఒక మంచి మాట బాకీ ఉంటే ఈ రాత్రే రాసెయ్యండి. సెలవులదాకా ఆగకండి.