డాక్టరు ఆనందీబాయి జోషీగారి ప్రవాసజీవితము

సముద్రయానము పాపహేతువని పూర్వాచారపరులు వాదించిన కాలమున ఓడ నెక్కి పరదేశమునకు పోవుట యొక సాహసము. పోయి యచట నిలుచుట మఱియొక సాహసము. మొదటిదానిని గూర్చి మనవారు శాస్త్రచర్చలు విస్తారముగా జేసిరి. రెండవదానిని గూర్చి విచారించినవారు తక్కువ. ఏమి తినవలెను, ఏమి కట్టవలెను, చలికి నెట్లు తాళవలెను అను చిన్న ప్రశ్నలలోనే యా రెండవ సాహసమంతయు నున్నది. పదునెనిమిదేండ్ల ప్రాయమున, బంధువు లెవ్వరును దగ్గఱ లేనిచోట, ఈ ప్రశ్నలకు దానే యుత్తరము చెప్పుకొనవలసివచ్చిన యొక హిందూస్త్రీ చరిత్రమును చదువరులకు దెలుపుచున్నాము.

ఆనందీబాయి 1865వ సంవత్సరము మార్చి 31వ తేదీని జన్మించెను. మహారాష్ట్రదేశమందలి కల్యాణ పట్టణపు బ్రాహ్మణకుటుంబము వారిది. పుట్టినింటి పేరు యమున. తొమ్మిదవ యేట ఆమెను గోపాలరావు జోషీ యను తపాలా యుద్యోగి కిచ్చి వివాహము చేసిరి. ఆయన భార్య గతించినవాడు. ఆమెకంటె సుమారిరువదేండ్లు పెద్ద. భార్యకు జదువు చెప్పించి తీరవలెనను పట్టుదల యాయనకు మెండు. ఆ పట్టుదలలో మోటుదనమును గలదు. చదువు మానినందులకు బాలికను కొట్టిన దినములు నుండెను. సంస్కారాభిమానులు తఱచుగా ఈ సంగతిని విడిచి ఆయనను మెచ్చుకొందురు. విడువదగినది కాదని మా యభిప్రాయము.

పదునాలుగవ యేట ఆమెకొక కుమారుడు కలిగి పదిదినములకే మరణించెను. తగిన వైద్యసహాయము దొరకక బిడ్డ పోయెనను బాధయే యామెను వైద్యవిద్యకు బ్రేరేపించెను. 1880లో గోపాలరావు అమెరికా మిషనరీయైన వైల్డరుదొరకు భార్యచదువు విషయమై లేఖ వ్రాయగా, క్రైస్తవమతము పుచ్చుకొన్నచో సాయము చేయుదుమని ప్రత్యుత్తరము వచ్చెను. దంపతు లందులకు సమ్మతింపలేదు. ఆ లేఖలు మాత్ర మొక మిషనరీ పత్రికలో బ్రకటింపబడెను. న్యూజెర్సీ రాష్ట్రమందలి రోజెల్ గ్రామవాసినియైన థియోడీషియా కార్పెంటరు అను గృహిణి దంతవైద్యునియింట దనవంతు వచ్చువఱకు గూర్చుండి యా పత్రికను జదివి, మనసు కరగి, ఎన్నడును జూడని బాలికకు జాబు వ్రాసెను. ఆ జాబులే క్రమముగా బంధుత్వమయ్యెను. కలకత్తాలో నున్నప్పుడు తలనొప్పి, జ్వరము, ఆయాసము ఆనందీబాయిని వదలకుండగా, ఈమె సముద్రముల నవతలినుండి మందులు పంపెను.

1883లో, భర్త శ్రీరాంపురమున తపాలా యుద్యోగములో నుండగా, ఆ యూరి కళాశాలాభవనమున ఆనందీబాయి సభలో నిలిచి తన ప్రయాణమునకు గారణములు చెప్పెను. ఈ దేశమున చదువరాదా యను ప్రశ్నకు ఆమె సమాధానమిచ్చెను. మన మద్రాసు వైద్యకళాశాల 1875లోనే స్త్రీలను జేర్చుకొన్నమాట నిజమే. కాని ఒక్క కళాశాలతో దేశమునకు సరిపోదనియు, తక్కిన చోట్ల మంత్రసానిపని మాత్రమే నేర్పుచున్నారనియు ఆమె వాదము. హిందువుగా వెళ్లి హిందువుగానే తిరిగివత్తునని సభకు మాట యిచ్చెను. అట్టి మాట సభలో నిచ్చుట సులభము. అమెరికాలోని చలికాలమందు దినమున కొక్కసారి యైనను దానిని దలచుకొనవలసివచ్చును గదా!

ఆ యేప్రిలులో మిషనరీస్త్రీల తోడుతో కలకత్తానుండి బయలుదేరి, జూను నెలలో న్యూయార్కు రేవున దిగగా కార్పెంటరమ్మ వచ్చి యెదుర్కొనెను. వేసవి దినములు రోజెల్‌లో నామెయింట గడచెను. ఆనందీబాయి యామెను మహారాష్ట్రమున తల్లితోబుట్టువును బిలుచునట్లు మావశీ యని పిలిచెను. పరదేశమున మొదట దొరకవలసినది ఇల్లు గాదు, ఇట్లు పిలువదగిన మనిషి. అది యామెకు నడుగిడకమున్నే దొరకెను.

శరత్కాలమున ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలకు బోవుటతో నసలు పరీక్ష మొదలయ్యెను. ఆ కళాశాల 1850లో స్థాపింపబడినది. అప్పటి యధ్యక్షురాలు రేచల్ బోడ్లీ యామెను ఆదరముతో జేర్చుకొనెను. ఆదరమునకు లోటులేదు గాని గదిలో పొయ్యి సరిగా మండదు. నిప్పుకంటె పొగ యెక్కువ. పొగ నోర్చుకొనుటయో చలి నోర్చుకొనుటయో యేదోయొకటి తప్పదు. శాకాహారము విడువనని నిశ్చయించుకొన్నందున, ఆ దేశమున దొరకు కొలది పదార్థములతోనే, పాఠములు చదువుకొనుచు, జీవయాత్ర గడుపవలసివచ్చెను. వస్త్రము మాటయు నట్టిదే. మహారాష్ట్రస్త్రీలు కచ్చపోసి కట్టు తొమ్మిదిగజముల చీర కాలిపిక్కలను గప్పదు. ఆ మంచులో నది ప్రాణాపాయము. ఆమె చీర విడువలేదు, కట్టు మార్చెను. పాదములవఱకు దిగు గుజరాతీ కట్టు నవలంబించి యా సంగతి భర్తకు దెలిపెను.

ఇది యల్పవిషయముగా దోపవచ్చును. కాని ఇచటనే యామె వివేకము మాకు గానవచ్చుచున్నది. మాట యిచ్చినది ధర్మమునకు గాని కుచ్చెళ్లకు గాదని యామె యెఱిగెను. భోజనవిషయమున మాత్ర మట్టి సడలింపు చేసికొనలేదు; దేహమందుకు మూల్యము చెల్లించెను.

దూరము మఱియొక మార్పును దెచ్చెను. ఇంటనున్నప్పుడు భర్త యెదుట నోరెత్తని యామె, లేఖలలో బాల్యమున దాను దిన్న దెబ్బలను బేర్కొని, అది న్యాయమా యని నెమ్మదిగానే యడుగగలిగెను. కృతజ్ఞత విడువలేదు, బాధయు దాచలేదు. 1885లో గోపాలరావు స్వయముగా అమెరికాకు వచ్చి, ఆ దేశాచారములను నిందించుచు నుపన్యాసము లిచ్చెను. ఆ జనుల యాదరముననే జీవించుచున్న భార్య కది యెంత యిబ్బందియో యూహింపవచ్చును.

ఆ యేడు అక్టోబరు 10వ తేదీని దీసిన ఛాయాపట మొకటి నేటికిని నిలిచియున్నది. అందు ఆనందీబాయి, జపానుదేశస్థురాలైన కేయి ఒకామి, సిరియాదేశస్థురాలైన సబత్ ఇస్లాంబూలీ, ముగ్గురు విద్యార్థినులును దమతమ దేశవస్త్రములు ధరించి యున్నారు. ఆనందీబాయి చీరతోనే యున్నది.

పట్టమునకై యామె హిందువుల ప్రసూతివైద్యమును గూర్చి వ్యాసము వ్రాసెను. పరాయి కళాశాలలో స్వదేశపు శాస్త్రమును దఱచి చూపుట యామె కిష్టమయ్యెను. 1886 మార్చి 11వ తేదీని వైద్యపట్టము పొందెను. ఆ యుత్సవమునకు బంధువైన పండిత రమాబాయి ఇంగ్లండునుండి వచ్చెను. ఆ సంవత్సరమే కలకత్తాలో బ్రాహ్మసమాజమునకు జెందిన కాదంబినీ గంగూలీయు వైద్యవిద్య ముగించెను. ఒకరు సముద్రము దాటియు, నొకరు దాటకయు నేక సంవత్సరమున నొకే గమ్యము చేరిరి.

కొల్హాపురమున ఆల్బర్టు ఎడ్వర్డు వైద్యశాలలో స్త్రీల విభాగమున కధికారిణిగా నుద్యోగము సిద్ధముగా నుండెను. కాని చలియు నలవాటులేని భోజనమును వెనుకటి యనారోగ్యమును పెంపొందించెను; క్షయరోగము ముదిరెను. 1886 చివర స్వదేశము చేరినది గాని యుద్యోగములో బ్రవేశింపనే లేదు. 1887 ఫిబ్రవరి 26వ తేదీని, ఇరువదిరెండేండ్లు నిండకమునుపే, పుణ్యపట్టణమున మరణించెను.

ఆమె భస్మమును కార్పెంటరమ్మకు బంపిరి. ఆమె దానిని న్యూయార్కు రాష్ట్రమందలి పొకీప్సీలో, తమ కుటుంబమువారి శ్మశానభూమియందు నిక్షేపించి, పేరు చెక్కిన ఱాతిని నిలిపెను.