శాంటోస్ డ్యూమాంట్: వేడుక నుంచి వేదన దాకా

విశాఖపట్నం బీచిలో నేవీ డే విన్యాసాలు మొదటిసారి చూసినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. వరి కోతల మధ్యలో ఒక్క రోజు వీలుచేసుకుని మా నాన్న నన్ను తీసుకెళ్ళాడు. తల మీదుగా యుద్ధవిమానం దూసుకుపోతే ఒళ్ళు పులకరించింది. అరిచి అరిచి గొంతు పోయింది. సముద్రంలో ఉత్తుత్తి బాంబు పేలి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేస్తే జనమంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మా పక్కన ఒక తల్లి చంకలోని పసిపాప మాత్రం ఆ చప్పుడుకి గుక్కపట్టి ఏడ్చింది, ఎంతసేపటికీ ఊరుకోలేదు. నాన్న ఆ విమానం గంటకి ఎంత ఆయిలు తాగుతుందని అడిగాడు. నాకు తెలియదన్నాను.

ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఎయిర్ ఫోర్స్ పరీక్షకు దరఖాస్తు సగం నింపి ఆపాను. ఎందుకు ఆపానో హాస్టల్ మిత్రులకు చెప్పలేకపోతున్నాను. దేశమంటే ప్రేమ లేదా అని అడుగుతారు. ఉంది. ఆ పాప ఏడుపూ చెవుల్లోనే ఉంది. ఇలా ఊగిసలాడుతున్న రోజుల్లో మా కాలేజీ లైబ్రరీలో విమానాల చరిత్ర తిరగేస్తుంటే నాకు శాంటోస్ డ్యూమాంట్ తారసపడ్డాడు. మన పాఠ్యపుస్తకాల్లో రైట్ సోదరులకు దక్కిన చోటు ఈయనకు దక్కలేదు కాబట్టి ఆయన కథ కొంచెం వివరంగానే చెబుతాను.

ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ 1873 జూలై 20న బ్రెజిల్ దేశంలో మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి హెన్రిక్ డ్యూమాంట్ ఫ్రెంచి సంతతికి చెందిన ఇంజనీరు. ఆయన రైలుమార్గాల పని మాని కాఫీ తోటలు వేసి, కాఫీ రాజు అనిపించుకున్నాడు. వ్యవసాయమంటే మా ఇంటి మూడెకరాల మాగాణి లాంటిది కాదు. లక్షల కాఫీ చెట్లు, కాయల్ని మోసుకురావడానికి తోటలోనే సొంత రైలుపట్టాలు! ఏడేళ్ళకే ఆవిరి బండ్లు నడిపి, పన్నెండేళ్ళకి రైలింజను ఎక్కాడట ఆ పిల్లవాడు. కాయలు కడిగే, ఆరబెట్టే, పొట్టు తీసే యంత్రాల మధ్యనే తిరిగేవాడు. ముందుకీ వెనక్కీ ఊగే జల్లెళ్ళు తరచు పాడవుతాయనీ, గుండ్రంగా తిరిగే భాగాలు ఎక్కువకాలం మన్నుతాయనీ ఆ వయసులోనే గమనించాడు. మా ఊరి రైస్ మిల్లు మేస్త్రీని అడిగినా ఇదే చెబుతాడు. పని లేనప్పుడు జూల్ వెర్న్ నవలలు చదువుకుంటూ ఆకాశంలోకి చూస్తూ కూర్చునేవాడు.

తండ్రి బండి మీదనుంచి పడి పక్షవాతం పాలవడంతో తోట అమ్మేశారు. వైద్యం కోసం కుటుంబం 1891లో పారిస్ వెళ్ళింది. తండ్రి పద్దెనిమిదేళ్ళ కొడుకు చేతిలో ఆస్తిలో వాటా పెట్టి, పారిస్‌లో ఉండి భౌతిక, రసాయన, యంత్ర శాస్త్రాలు నేర్చుకోమన్నాడు. డబ్బు సంపాదించే బాధ నీకు లేదన్నాడు. ఇలాంటి మాట చెప్పగల తండ్రులు ఎంతమంది ఉంటారు? 1892లోనే ఆయన కన్నుమూశాడు.

ఆల్బెర్టో 1898లో మొదటిసారి బెలూన్ ఎక్కాడు. గాలి ఎటు తోస్తే అటు పోయే బెలూన్‌తో ఆయనకు తృప్తి కలగలేదు. పొడవాటి హైడ్రోజన్ సంచీ కింద పెట్రోల్ ఇంజను తగిలించి, చుక్కాని పెట్టి, తాను అనుకున్న వైపు నడిపాడు. మండే వాయువు కింద నిప్పురవ్వలు చిమ్మే ఇంజను! కెమిస్ట్రీ ల్యాబులో హైడ్రోజన్ పరీక్ష చేసినవాళ్ళకి ఇది ఎంత తెగింపో అర్థమవుతుంది. 1901 ఆగస్టులో వాయునౌక కుప్పకూలి, ఒక హోటల్ గోడకి వేలాడుతుంటే ఫైర్ వాళ్ళు వచ్చి దింపారు. అయినా ఆగలేదు. అక్టోబర్ 19న సెయింట్ క్లౌడ్ నుంచి బయలుదేరి ఈఫిల్ టవర్ చుట్టి, అరగంట గడువులో తిరిగివచ్చి డాయిష్ బహుమతి గెలిచాడు. తాడు పట్టుకునేసరికి గడువు దాటిందా లేదా అని పెద్దలు కొన్నాళ్ళు తగాదా పడ్డారు గాని చివరికి ఇచ్చారు. ఆ సొమ్మును పారిస్ పేదలకూ, తన దగ్గర పనిచేసినవాళ్ళకూ పంచేశాడు.

తర్వాత ఆయన పారిస్ ముద్దుబిడ్డ అయిపోయాడు. చిన్న వాయునౌకలో వీధి మీదుగా వచ్చి తన ఇంటిముందు దిగి, కాఫీ తాగి, మళ్ళీ ఎక్కి పోయేవాడట. మన దగ్గర సైకిల్‌కి స్టాండు వేసినట్టు!

నన్ను ఆపేసిన ఘట్టం 1903 జూలై 14. ఫ్రాన్సు వాళ్ళకి అది మన ఆగస్టు 15 లాంటి రోజు. లాంగ్‌షాంప్ మైదానంలో సైనిక కవాతు జరుగుతోంది, అధ్యక్షుడు లూబే వేదిక మీద ఉన్నాడు. శాంటోస్ డ్యూమాంట్ తన తొమ్మిదో నంబరు వాయునౌకలో మైదానం మీదికి వచ్చి, అధ్యక్షుడి ఎదురుగా ఆగి, రివాల్వర్‌తో 21 సార్లు గాలిలోకి కాల్చి వందనం చేశాడు. సైన్యం, విన్యాసం, జాతీయ పండుగ మూడూ ఒక్కచోట కలిసిన తొలి దృశ్యాల్లో ఇదొకటి. జనం ఎంత ఊగిపోయి ఉంటారో బీచిలో నిలబడినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఆ ఊపులోనే ఆయన ఫ్రెంచి యుద్ధమంత్రికి ఉత్తరం రాశాడు. యుద్ధం వస్తే తన వాయునౌకలన్నీ ఫ్రాన్సు వాడుకోవచ్చన్నాడు. ఒక్కటే షరతు, ఉత్తర దక్షిణ అమెరికా ఖండాల దేశాల మీద మాత్రం వాడకూడదు. తాను అమెరికా ఖండం వాడు గదా!

ఇక్కడ నాకు ఆయన మీద కోపం వచ్చింది. మన వాళ్ళ మీద పడకూడదు, మిగతా వాళ్ళ మీద పడినా ఫరవాలేదా? ఆయన్ని శాంతిదూత అని పొగిడే వ్యాసాలు కొన్ని ఈ ఉత్తరాన్ని దాటేస్తాయి. నేను దాటేయలేను. ఆ రోజు ఆయన వయసు ముప్ఫై కూడా నిండలేదు. నాకు ఇరవై. చప్పట్లు మోగుతుంటే ఆ వయసులో బుర్ర ఎంత పనిచేస్తుందో నాకూ అనుభవమే.

1906 అక్టోబర్ 23న పారిస్ దగ్గర బగాటెల్‌లో ఆయన విమానం 14-బిస్ జనం కళ్ళముందు నేల విడిచి సుమారు 60 మీటర్లు ఎగిరింది. నవంబర్ 12న 220 మీటర్లు, 21.5 సెకన్లలో. అంతకు ముందే, 1903 డిసెంబర్ 17న, అమెరికాలో రైట్ సోదరులు ఎగిరారు. అయితే చూసినవాళ్ళు అయిదుగురే. ఎవరు ముందు అనే తగవు బ్రెజిల్‌లో ఇప్పటికీ దేశాభిమానం సమస్యే. ఆ తగవులోకి నేను దిగను. ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. రైట్ సోదరులు పేటెంటు పట్టుకుని తమ యంత్రాన్ని సైన్యాలకు అమ్మజూశారు. ఈయన తన చిన్న విమానం డెమోయిజెల్ నమూనాలను ఎవరైనా చేసుకోండని వదిలేశాడు.

1910లో జబ్బుపడి ఎగరడం మానేశాడు. 1911లో లిబియాలో ఒక ఇటలీ సైనికుడు విమానంలోంచి చేత్తో బాంబులు విసిరాడు. బగాటెల్ చప్పట్లకీ దానికీ మధ్య అయిదేళ్ళే. 1914లో మహాయుద్ధం వచ్చేసరికి ఆయన ఫ్రాన్సు సముద్రతీరంలో దుర్భిణీ పెట్టుకుని నక్షత్రాలు చూసుకుంటున్నాడు. ఇరుగుపొరుగువారు జర్మనీ గూఢచారి అని అనుమానించారు, పోలీసులు ఇల్లు సోదా చేశారు. వాయునౌకలన్నీ ఇస్తానన్న మనిషికి ఆ దేశం చేసిన మర్యాద అది! తర్వాత క్షమాపణ చెప్పారు గాని, అప్పటికే ఆయన మనసు విరిగి తన కాగితాలన్నీ కాల్చేశాడు. ఎన్ని లెక్కలు, ఎన్ని బొమ్మలు బూడిదయ్యాయో!

యుద్ధంలో విమానాలు ఊళ్ళ మీద ఏం చేశాయో విన్నకొద్దీ ఆయన కుంగిపోయాడు. 1926లో నానాజాతి సమితికి విజ్ఞప్తి పంపాడు. విమానాన్ని ఆయుధంగా వాడడం ఏ దేశానికీ తగదనీ, దాన్ని నిషేధించమనీ కోరాడు. ఈసారి ఏ ఖండానికీ మినహాయింపు లేదు. ఈ విషయం మీద మంచి గ్రంథం రాసినవారికి పదివేల ఫ్రాంకులు ఇస్తానన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

1928 డిసెంబర్ 3న ఓడలో బ్రెజిల్ తిరిగి వస్తున్నాడు. స్వాగతం పలకడానికి ఆయన పేరే పెట్టిన సముద్రవిమానం రియో రేవు మీద ఎగిరింది. అందులో ఆయన అభిమానులైన విద్వాంసులు, ఇంజనీర్లు ఉన్నారు. ఆయన కళ్ళ ఎదుటే అది కూలి అందరూ చనిపోయారు. ఊరేగింపులు వద్దని చెప్పి, అంత్యక్రియలకు వెళ్ళాడు. ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు.

1932 జూలై 9న సావో పౌలో రాష్ట్రం కేంద్రప్రభుత్వం మీద తిరగబడింది. ఆయన అప్పుడు ఆ రాష్ట్రంలోనే గ్వారుజా అనే తీరపట్టణంలో ఉన్నాడు. పరాయివాళ్ళు కాదు, బ్రెజిల్ విమానాలే బ్రెజిల్ వాళ్ళ మీద బాంబులు వేశాయి. 1903లో ఆయన గీసుకున్న గీత కూడా చెరిగిపోయింది. జూలై 23న, 59 నిండిన మూడో రోజున, తన ప్రాణం తానే తీసుకున్నాడు. దీర్ఘకాలపు జబ్బు, మానసిక వ్యాకులత ఎంతో కాలంగా వెంటాడుతున్నాయి, కాబట్టి విమానాలే చంపాయని తేల్చి చెప్పడం సైన్సు విద్యార్థికి తగదు. మరణకారణాన్ని మాత్రం చాలా ఏళ్ళు దాచిపెట్టారు. జాతీయ వీరుడు అలా పోయాడంటే బాగుండదని కాబోలు.

1959లో బ్రెజిల్ ఆయనకు ఎయిర్ మార్షల్ గౌరవ హోదా ఇచ్చింది. బ్రెజిల్ విమానయానానికి ఆయనే మూలపురుషుడు. 14-బిస్ ఎగిరిన అక్టోబర్ 23 అక్కడ వైమానిక దళ దినోత్సవం. 1952లో మొదలైన వారి విన్యాసాల దళం పొగతో ఆకాశంలో గీతలు గీస్తుంటే అక్కడి పిల్లలూ మా లాగే అరుస్తారు. రియోలోని వైమానిక దళ మ్యూజియంలో, విమానాల నడుమ, బంగారు గోళంలో ఆయన గుండెను భద్రపరిచారు.