బొర్గేసె రాజకుమారుని పెకింగు-పారిసు మోటారు యాత్ర

కార్యసిద్ధికి సాహసమొక్కటియే చాలదు. పూర్వాలోచనయు, సమర్థులగు సహాయుల తోడ్పాటును గూడినగాని సాహసము ఫలింపదు. ఇందులకు ఇటలీ దేశీయుడగు స్కిపియోనె బొర్గేసె చరిత్రము చక్కని నిదర్శనము.

ఈతడు 1871వ సంవత్సరమున జన్మించెను. రోము నగరమున బొర్గేసె వంశము మిక్కిలి ప్రసిద్ధమైనది. 17వ శతాబ్ది యారంభమున పోపు పీఠము నధిష్ఠించిన ఐదవ పౌలు ఈ వంశమువాడే. కాని 19వ శతాబ్ది చివర ఆ కుటుంబము ఋణభారమున క్రుంగిపోయెను. పూర్వులు కూర్చిన అపురూప శిల్పచిత్ర సంచయము 1902లో ఇటలీ ప్రభుత్వము వశమయ్యెను. ఐనను ఈతడు వంశగౌరవమును తలచుకొనుచు ఊరకుండలేదు. 1900లో మధ్య ఆసియాలోని తియెన్‌షాన్ పర్వతముల నెక్కెను. 1904లో ఇటలీ శాసనసభకు సభ్యుడయ్యెను.

1907 జనవరి 31వ తేదీన మాతేన్ అను పారిసు పత్రిక, మోటారు బండిపై పెకింగునుండి పారిసునకు రాగలవారెవరని ప్రకటించెను. సుమారు 9,300 మైళ్ల దూరము! మార్గమున అధికభాగము మోటారు బండి నెన్నడును చూడని నేల. బహుమానము షాంపేను సారాయి సీసా మాత్రమే. చివరకు ఐదు బండ్లు మాత్రమే బయలుదేరుటకు సిద్ధపడెను.

బొర్గేసె ఇటాలా అను బలమైన బండిని ఎన్నుకొనెను. పెట్రోలును ముందుగానే ఒంటెలపై ఎడారి మజిలీలకు పంపించెను. మఱియు తన బండి వెడల్పునకు సరిపోవు వెదురుకఱ్ఱ నొకదానిని చేతబట్టి, గుఱ్ఱముపై కొండదారులు తిరిగి, ఇరుకుచోట్లను కొలిచి చూచెను. పయనమునకు ముందే మార్గమున సగభాగమును జయించినవాడయ్యెను.

జూన్ 10వ తేదీన ఐదు బండ్లును పెకింగు విడిచెను. కొండకనుమలలో కూలీలు మోకులుకట్టి బండ్లను లాగిరి. పిమ్మట గోబీ ఎడారి. అచట ఒక ఫ్రెంచివాని మూడుచక్రముల బండి పెట్రోలు లేక నిలిచిపోయెను. ఆతడును, తోడివాడును దప్పికచే మరణావస్థకు వచ్చి, సంచారజనులచే రక్షింపబడిరి. అదే యెడారిలో బొర్గేసెతో వచ్చిన పత్రికా విలేఖరి లూయిజీ బార్జీని ఒక తంతికచ్చేరినుండి వార్త పంపగా, ఆ కచ్చేరి తెఱచిన ఆఱేండ్లలో అదియే మొదటి తంతి యని తెలిసెనట!

సైబీరియాలో బైకాలు సరస్సు సమీపమున కొయ్యవంతెన విఱిగి బండి క్రిందికి కూలెను. మువ్వురును ప్రాణాపాయము దాటిరి, బండియు నిలిచెను. దారి లేనిచోట్ల అధికారుల అనుమతితో రైలుపట్టాలపైననే బండిని నడిపిరి. మఱియొకచోట చక్రపు ఆకులు సడలిపోగా, పల్లెటూరి రష్యా వడ్రంగి యొకడు గొడ్డలితోనే వానిని బాగుచేసెను. ఆగస్టు 10వ తేదీన ఇటాలా పారిసు ప్రవేశించెను. మాస్కోనుండి సెయింట్ పీటర్సుబర్గు విందునకు చుట్టుదారిన పోయియు ఇరువది దినములు ముందుండెను! తక్కిన మూడు బండ్లు ఆగస్టు 30వ తేదీన వచ్చెను.

ఈ విజయమున మఱువరాని పురుషుడొకడు కలడు. ఆతడు యంత్రకుశలుడగు ఎత్తోరె గిజార్ది. ఆతని తండ్రి రైలు ప్రమాదమున మరణింపగా, గాయపడిన బాలుని బొర్గేసె కుటుంబమువారు చేరదీసిరి. ఆ బాలుడే పెద్దవాడై బండిని నడిపెను, నిలిచినచోట బాగుచేసెను. పత్రికలు రాజకుమారుని పేరును మ్రోగించెను గాని, గిజార్ది చేతులు లేనిచో ఆ బండి సైబీరియా బురదలోనే యుండెడిది. గొప్ప వంశమున జన్మించినవానికిని కార్మికుని కుమారుని నైపుణ్యమే ఆధారమయ్యెను. తగినవానిని గుర్తించి, పని నప్పగించి, నమ్ముటయే బొర్గేసె యొక్క నిజమైన రాజగుణము.

ఈతడు 1927లో పరలోకగతుడయ్యెను. ఇటాలా బండి టురిన్ నగర మోటారు ప్రదర్శనశాలలో నున్నది. 1997లోను, 2007లోను పాతకాలపు కార్లతో పెకింగునుండి పారిసునకు మరల పందెములు జరిగెను. ఆ బండ్లు పరుగెత్తినపుడెల్ల రాజకుమారునితోబాటు గిజార్దిని, పేరు తెలియని ఆ వడ్రంగిని గూడ మన యువకులు స్మరింతురుగాక.