పెద్ద చదువులు లేని లెక్కల మేధావి

మాది అనంతపురం జిల్లా కుందుర్పి. వానొస్తే వేరుశనగ, రాకుంటే వలస. అలాంటి ఓ కరువు ఏడాదే నా చదువు ఇంటర్‌తో ఆగిపోయి పెళ్లయింది. లెక్కలంటే ప్రాణంగా ఉండేదాన్ని. పుస్తకాలు అటకెక్కాయి. మొన్న మా అమ్మాయి రేఖాగణితం బుర్రకెక్కక ఏడుస్తుంటే, ఎప్పుడో చదివిన అలీషియా బూల్ స్టాట్ కథ చెప్పాను.

అలీషియా 1860లో ఐర్లండులోని కార్క్‌లో పుట్టింది. తండ్రి జార్జ్ బూల్. ఇవాళ్టి కంప్యూటర్ల తర్కానికి ఆయన గణితమే పునాది. తల్లి మేరీ, హిమాలయ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్‌కు సోదరుడి కూతురు. ఆ ఎవరెస్ట్ 1818లో మన హైదరాబాద్‌లో సర్వే పనిలో చేరినవాడే!

1864లో తండ్రి పోయాడు. ఐదుగురు ఆడపిల్లలు, చేతిలో డబ్బు లేదు. అలీషియా కొన్నేళ్లు బంధువుల పంచన పెరిగింది. కాలేజీ గడప తొక్కలేదు. యూక్లిడ్ మొదటి రెండు భాగాలు, అంతే ఆమెకొచ్చిన జ్యామితి.

పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, తర్వాత బావ అయిన హోవార్డ్ హింటన్ కొన్ని చెక్క ఘనాలు తెచ్చి నాలుగో పరిమాణం గురించి చెప్పాడు. పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకొకటి. అందరూ విని ఊరుకున్నారు. అలీషియా మాత్రం మనసులోనే చూసేసింది.

ఇది అర్థం కావాలంటే మీరూ ఓ ఉర్లగడ్డను పాచికలా కోయండి. ఓ మూల నుంచి, ఎదుటి మూల వైపు అడ్డంగా పలచటి ముక్కలు కోస్తూ పొండి. మొదట చిన్న త్రికోణం వస్తుంది. సరిగ్గా నడుమకు వచ్చేసరికి ఆరు పలకలు! మళ్లీ త్రికోణం. పాచికను చూడకపోయినా ఈ ముక్కలను బట్టి దాని రూపు పట్టొచ్చు కదా? నాలుగు పరిమాణాల వస్తువును కోస్తే వచ్చేవి బల్లపరుపు ముక్కలు కావు, ఘనరూపాలు. వాటిని ఆమె అట్టతో చేసింది. ఎక్కడా లోపలికి గుంటపడని, అన్నివైపులా ఒకేలా ఉండే ఘనాలు మన లోకంలో ఐదే. నాలుగు పరిమాణాల్లో ఆరున్నాయని తనంతట తానే కనిపెట్టింది. ష్లాఫ్లీ అనే స్విస్ పండితుడు అప్పటికే ఆ సంగతి తేల్చాడని ఆమెకు తెలియనే తెలియదు. అలాంటి ఆకారాలకు ఇంగ్లీషులో పాలిటోప్ అనే మాట తెచ్చిందీ ఆమే.

1890లో వాల్టర్ స్టాట్ అనే బీమా లెక్కల ఉద్యోగితో పెళ్లయింది. ఇద్దరు పిల్లలు, చాలీచాలని ఆదాయం, తెమలని ఇంటిచాకిరీ. ఆ మధ్యనే అట్టబొమ్మలు. హాలండ్ ప్రొఫెసర్ షౌటె ఇదే విషయం మీద పరిశోధిస్తున్నాడని గమనించి చెప్పింది భర్తే. ఆమె ఫొటోలు పంపింది. ఆయన గీసిన బొమ్మలు, ఈమె చేసిన నమూనాలు సరిపోయాయి! ఆయన ఇంగ్లండుకే వచ్చి కలిసి పనిచేశాడు. 1900లో, 1910లో ఆమె వ్యాసాలు ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయ్యాయి. షౌటె 1913లో పోయాడు. మరుసటి ఏడు గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్లు!

డెబ్బయ్యో ఏట కాక్సెటర్ అనే కుర్ర గణితజ్ఞుడు పరిచయమయ్యాడు. ఆమె మళ్లీ అట్టముక్కలు పట్టింది. 1940లో కన్నుమూసింది.

కథ అయ్యేసరికి మా అమ్మాయి ఏడుపు మానేసి ఉర్లగడ్డలు కోస్తోంది. ఆ పూట కూరంతా త్రికోణాలే. నేను అటక మీది పుస్తకాలు దించాను. దూరవిద్యలో డిగ్రీ కడదామనుకుంటున్నాను, అదీ లెక్కలతోనే. మావారికి ఇంకా చెప్పలేదు. ఈ పేజీ చదివి తెలుసుకుంటారేమో!